గంపలో గ

గోమతికి ఉన్న భయాలన్నిటిలోకీ పెద్దది ఒక్కటే: బుధవారాలు పోతాయేమోనని.

చిన్న భయాలకు ఆమెకేం కొదవ లేదు. గ్యాస్ కట్టానా లేదా అని కోవిల్‌పట్టి బస్టాండు దాకా వచ్చి వెనక్కి పరుగెత్తిన రోజులున్నాయి. బిడ్డ నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటుంది. కయత్తారు పక్కన గాలిమరల దగ్గర కాపలా ఉండే మొగుడు అయ్యనార్ రెండుసార్లు ఫోన్ ఎత్తకపోతే ఇక అన్నం సహించదు. ఇవన్నీ వచ్చి పోయే చుట్టాల్లాంటివి. బుధవారం భయం మాత్రం ఇంట్లోనే కాపురం పెట్టింది.

కూతురు సింధుజకు నాలుగేళ్ళు. పుట్టుకతోనే చెవులు సరిగా వినపడవు. రెండు చెవులకూ మిషన్లు పెట్టాక, విరుదునగర్‌లో అట్లాంటి పిల్లలకు మాటలు నేర్పే చోట చేర్చుకున్నారు. వారానికొక్కసారే, బుధవారం మధ్యాహ్నం. తల్లి పక్కనే కూర్చుని చూడాలి, చూసింది మిగతా ఆరు రోజులూ ఇంట్లో చెయ్యాలి. ఏడు నెలలు తిరిగేసరికి పిల్ల నోట పదహారు మాటలు వచ్చాయి. "ఈ వయసులో వచ్చిందే మాటమ్మా, దాటిపోతే నేనూ ఏం చెయ్యలేను" అని అక్కడి అంతోణి సారు మొదటి రోజే చెప్పేశాడు.

బుధవారాలు ఆమె చేతిలో ఉన్నాయంటే దానికి కారణం ఒక కుర్చీ. పాండియరాజన్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో, ఆఫీసు గదిలో, కంప్యూటర్ ముందున్న కుర్చీ. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసిన గోమతి అంతకుముందు ప్యాకింగ్ షెడ్డులో ఉండేది. అక్కడ పదిమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుంటారు; ఒకరు పెట్టెలు నింపితే ఇంకొకరు కాగితం చుడతారు, ఒకరు లేస్తే వరసంతా ఆగిపోతుంది. పూట సెలవన్న మాటే అక్కడ లేదు. ఆఫీసులో గుమాస్తా చెప్పాపెట్టకుండా మానేసిన రోజు, షెడ్డు నుంచి చీటీ పట్టుకొచ్చిన గోమతి, ఇన్నాళ్ళూ అతని భుజం మీదుగా చూసింది చూసినట్టే కంప్యూటర్‌లో కొట్టి చూపించింది. పాండియరాజన్ ఆమెను అక్కడే కూర్చోబెట్టి, బుధవారం మధ్యాహ్నం వెళ్ళనిచ్చి, దానికి బదులు ఆదివారం పొద్దున వచ్చేట్టు ఒప్పుకున్నాడు. షెడ్డులో వాళ్ళు ఆమెను కలెక్టరమ్మ అనడం మొదలుపెట్టారు. గోమతి నవ్వేసి ఊరుకుంది గాని, ఎవరి నవ్వూ ఎన్నాళ్ళో ఉండదని ఆమెకు లోపల తెలుసు.

ఆ కుర్చీలో ఆమెకున్న పెద్ద పని శుక్రవారం జాబితా. ఆ వారం లారీ ఎక్కే సరుకు ఏ మార్కుది, ఎన్ని బండిళ్ళు, ఏ లారీ అన్నది రాసి, మధ్యాహ్నం మూడు లోపల విరుదునగర్‌లోని టోకు వర్తకుల ఆఫీసుకు మెయిల్‌లో పంపాలి. అక్కడ అది చేరితేనే వాళ్ళ గోడౌన్ తలుపు తెరుచుకుంటుంది. ఫోన్లో చెబితే వినరు, వాట్సాప్‌లో పెడితే చూడరు. ఆరు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా పోయింది. తర్వాత వరసగా మూడు శుక్రవారాలు జాబితా చేరలేదు. మూడుసార్లూ లారీ విరుదునగర్ గోడౌన్ ముందు ఎండలో నిలబడింది.

మూడోసారి శుక్రవారం సాయంత్రం పాండియరాజన్ ఒక కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. పనివాళ్ళు మొదలాళి, అంటే యజమాని, అని పిలిచే ఆయన అయిదు పదులు దాటిన మనిషి, నల్లరేగడి పొలాలూ ఈ ఫ్యాక్టరీ కూడా తాత నాటి నుంచి వచ్చినవి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కోపం వస్తే మాత్రం ఎక్కడున్నా తెలుగే వచ్చేస్తుంది.

మెయిల్ తిరిగొచ్చినప్పుడల్లా దాని సంగతి చెప్పే ఉత్తరం ఒకటి ఆయన మెయిల్ పెట్టెకే వచ్చేది. దాన్నే అచ్చు తీసి తెచ్చాడు. అంతా ఇంగ్లీషు. అందులో ఒక ముక్క కింద ఎర్ర గీత గీశాడు. అట్లాంటి మనిషి లేడు అని దానికి అర్థమంట. అంటే గోమతి విరుదునగర్ వాళ్ళ పేరు తప్పు కొట్టిందన్నమాట. తన మెయిల్ పోతోంది, ఆమెది పోవడం లేదు; తప్పు చేతిలో ఉందిగాని మిషన్‌లో లేదన్నాడు. డిగ్రీ చదివిన ఉషా అనే అమ్మాయి పైవారం శనివారం నుంచి కుర్చీలో కూర్చుంటుందనీ చెప్పాడు.

"అడ్రస్ తప్పు కొట్టినానని ఒక కాగితం రాసి సంతకం పెట్టు. విరుదునగర్ వాండ్లకు చూపించేదానికి కావల్ల. పెడితే షెడ్డులో నీ చోటు నీకు ఉంటాది."

గోమతి చేతులు రెండూ బల్ల మీది నుంచి తీసింది. వాటిని బల్ల కింద పెట్టుకుంది.

"నేను తప్పు కొట్టలేదు మొదలాళీ. అడ్రస్ మిషన్‌లోనే ఉండాది, నేను కొట్టేదే లేదు, పేరు మీద నొక్కేది అంతే. చెయ్యని తప్పుకు సంతకం పెట్టను."

"తొమ్మిది దాకా చదివి ఇంత పౌరుషం ఏలమ్మా నీకు?"

"తొమ్మిది చదివినా సంతకం అంటే ఏందో తెలుసు. అందుకే పెట్టనంటాను."

ఆయన తిట్టలేదు. వచ్చే శుక్రవారం మూడింటికి జాబితా చేరితే సరి, లేకపోతే షెడ్డు కూడా లేదని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ ఎర్ర గీత కాగితం మాత్రం బల్ల మీదే మరిచాడు. గోమతి దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

ఇంటికెళ్ళాక ఏడ్చింది, నిజమే. బిడ్డకు ఏడుపు వినపడకపోయినా మొహం కనబడుతుందని గోడవైపు తిరిగి ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, కాగితం విప్పి, సింధుజ పక్కన కూర్చుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదవసాగింది. ఇంగ్లీషు ఆమెకు గులకరాళ్ళలో బియ్యం ఏరినట్టే. ఒక మాట దొరికితే నాలుగు పోతాయి. అయినా శని, ఆది, సోమ, మంగళ, నాలుగు రోజులు ఏరింది. నాలుగోనాడు ఒక సంగతి కంటబడింది. ఎర్ర గీత గీసిన మాటకు ముందు ఒక మెయిల్ అడ్రస్ ఉంది. అది విరుదునగర్ వాళ్ళది కాదు. తనది.

బుధవారం మధ్యాహ్నం బస్సులో సాత్తూరు దగ్గర కీరదోసలాంటి వెళ్ళరికాయలమ్మే వాళ్ళు ఎక్కినప్పుడు కూడా ఆమె ఆ కాగితమే చూస్తోంది. సింధుజ కిటికీలోంచి బయటికి వేలు చూపించి "లాయీ" అంది. లారీని అట్లా అంటుంది. పదిహేడో మాట. వేరే రోజైతే గోమతి బస్సంతటికీ చాటి ఉండేది.

అంతోణి సారు పొట్టిగా, తెల్ల చొక్కాలో, ఎప్పుడూ చేతికి సుద్ద అంటుకుని ఉంటాడు. వాళ్ళదీ తెలుగు మాట్లాడే ఇల్లే. వాళ్ళ నాయన ఆలంగుళం సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేశాడు. అందుకే సింధుజకు ఆయన ఇంటి భాషలోనే నేర్పుతాడు. పాఠానికి ముందే గోమతి కాగితం ఆయన చేతిలో పెట్టి, ఎర్ర గీతకు ముందున్న మాటలకు అర్థం అడిగింది.

ఆయన కళ్ళద్దాలు సవరించుకుని చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఇది చేరాల్సినవాండ్ల గురించి కాదు గోమతీ. పంపినవాండ్ల గురించి. పంపిన మనిషి ఎవరో తెలీదు, అట్లాంటి పేరుతో ఆ ఇంట్లో, అంటే మీ ఆఫీసులో, ఎవరూ లేరంట. నీ గురించే రాసినారు."

"నేను లేనా సారూ?"

"కాగితం అట్లనే చెప్తా ఉండాది."

అంతకంటే ఆయనకూ తెలియదు. బిడ్డ ఎదురుచూస్తోందని పాఠం మొదలుపెట్టాడు. ఆ రోజు పాఠం అమ్మ పేరు. మీ అమ్మ పేరేందని ఆయన పెదాలు బాగా కదిపి అడిగితే, సింధుజ గట్టిగా "కోమీ" అంది. ఆయన నవ్వి, బిడ్డ చెయ్యి తీసి తన గొంతు మీద పెట్టుకున్నాడు. "క" అన్నాడు. "గ" అన్నాడు. మళ్ళీ "కంప", "గంప". ముళ్ళకంప బొమ్మ, మక్కెరి గంప బొమ్మ ముందు పెట్టాడు. క అంటే గొంతు కదలదు, గ అంటే లోపల తుమ్మెద తిరిగినట్టు జుమ్మంటుంది. చెవికి అందని తేడా చేతికి అందుతుంది.

"తమిళంలో రెండిటికీ ఒకటే అక్షరం" అని గోమతితో అన్నాడు, బిడ్డ చేతిని ఇప్పుడు తల్లి గొంతు మీదికి మారుస్తూ. "రాసేటప్పుడు తేడా కనబడదు. అందుకే చాలామంది ఇండ్లల్లో గ పోయి క మిగిలిపోతా ఉండాది. నీ పేరు నువ్వే చెప్పమ్మా, బిడ్డకు తగలనీ."

"గోమతి" అంది గోమతి. గొంతు జుమ్మంది. బిడ్డ కళ్ళు పెద్దవయ్యాయి.

అప్పుడు తగిలింది ఆమెకు. బిడ్డ వేళ్ళు గొంతు మీద ఉండగానే తగిలింది. కుర్చీలో కూర్చున్న మొదటివారం పాండియరాజన్ ఒక తెల్లకాగితం మీద ఆఫీసులో అందరి పేర్లూ పెన్సిల్‌తో రాసి, ఫోటో తీసి, మెయిళ్ళు పెట్టిచ్చే కంప్యూటర్ మనిషికి పంపాడు. తమిళంలో రాశాడు. తమిళంలో ఆమె పేరు ముందున్న అక్షరం గ అయినా చదవొచ్చు, క అయినా చదవొచ్చు.

గురువారం ఆఫీసులో ఎవరూ లేని పూట, కంప్యూటర్ పక్కన అంటించిన స్టిక్కర్ మీది నంబరుకు ఫోన్ చేసింది. విఘ్నేశ్వరన్ అనే ఆ కంప్యూటర్ మనిషి మదురైలో ఉంటాడు, తొందర తొందరగా తమిళం మాట్లాడతాడు. ఆమె తడబడుతూనే, నా పేరుతో అక్కడ మెయిల్ ఉందా అని అడిగింది. ఉందే అన్నాడు. మొదటి అక్షరం చెప్పమంది. కే అన్నాడు. తన మిషన్‌లో మొదటిరోజు పేరు తానే కొట్టుకుందనీ, పోయేది జీతో అనీ ఆమె చెప్పేసరికి అతను నవ్వడం మొదలుపెట్టాడు, తర్వాత ఆమె నవ్వడం లేదని గమనించి ఆపేశాడు.

అతను చెప్పింది ఇదీ. ఆఫీసు లోపలి నుంచి పంపేటప్పుడు ఎవరూ పేరు అడగరు. ఆఫీసంతటికీ ఒకటే తాళంచెవి. అది ఉంటే ఏ పేరు పెట్టి పంపినా బయటికి పోతుంది. ఆరు నెలలు అట్లా పోయింది. మూడు వారాల కింద విరుదునగర్ వాళ్ళు దొంగ మెయిళ్ళ బాధ పడలేక కొత్త కాపలా పెట్టుకున్నారు. ఆ కాపలా సర్వర్ వచ్చిన మెయిల్‌ను గుమ్మం దగ్గరే నిలబెడుతుంది. వెంటనే వెనక్కి, పంపినవాళ్ళ సర్వర్ దగ్గరికి వచ్చి, ఈ పేరు మనిషికి ఒక ఉత్తరం ఇస్తే తీసుకుంటారా అని అడుగుతుంది. తీసుకుంటాం అంటే, ఇవ్వకుండానే సరే అని వెళ్ళిపోయి, గుమ్మంలో ఉన్నదాన్ని లోపలికి రానిస్తుంది. అట్లాంటి మనిషి లేరు అంటే, ఉత్తరం విప్పి చూడను కూడా చూడదు, అటునుంచి అటే తిప్పేస్తుంది.

గోమతికి తన అవ్వ చిన్నతాయి గుర్తొచ్చింది. పిల్లనడగడానికి ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి ఫలానా ఊరు, ఫలానా ఇంటిపేరు అంటే, అవ్వ వాళ్ళను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేది. మజ్జిగ తాగేలోపల పెరటి దారిన మనిషిని పంపి, ఆ ఊరివాళ్ళను వాకబు చేయించేది, ఆ ఇంటిపేరువాళ్ళు అక్కడ ఉన్నారా అని. పేరు ఎవరైనా చెబుతారు, ఇంటిపేరు మాత్రం ఊరు ఒప్పుకోవాలి అనేది. విరుదునగర్‌లో కూర్చున్నది అవ్వే. తప్పేం లేదు. అవ్వ అడగవలసిందే అడిగింది. లేదని చెప్పింది సొంత ఇల్లు.

"మరి తిరిగొచ్చిన సంగతి నాకేల తెలియలేదు అన్నా? ఎప్పుడూ మొదలాళికే తెలిసేది."

ఆ సంగతి చెప్పే ఉత్తరం కూడా జీ పేరు వెతుక్కుంటూ వచ్చిందనీ, ఇంట్లో ఆ మనిషే లేదు గనక పెద్దాయన పెట్టెలో పడిందనీ విఘ్నేశ్వరన్ చెప్పాడు. దీనికింత బాధెందుకక్కా, నీ మిషన్‌లో జీ తీసి కే పెట్టు, రెండు నిమిషాల పని, రేపటి మెయిల్ పోతుంది అన్నాడు.

గోమతి వేలు ఆ అక్షరం దాకా పోయింది. రెండు నిమిషాలు. శుక్రవారం గట్టెక్కుతుంది, బుధవారాలు దక్కుతాయి. అంతకంటే ఏం కావాలి తనకు? కాని కే పెట్టి ఊరుకుంటే ఎర్ర గీత కాగితం అట్లాగే ఉండిపోతుంది, తప్పు ఆమె చేతిదిగానే ఉండిపోతుంది, ఇంకో శుక్రవారం ఇంకో కాగితం వస్తుంది. నిన్ననే బిడ్డ అమ్మ గొంతు మీద చెయ్యి పెట్టి అమ్మ పేరు తెలుసుకుంది. ఇవాళ తను పేరు మార్చుకుంటే ఇంటికెళ్ళి దానికేం చెప్పాలి?

కొత్తగా జీతో పేరు పెట్టాలంటే మొదలాళి చెప్పాలన్నాడు విఘ్నేశ్వరన్. చెప్పిస్తానంది. తర్వాత ఆఫీసు బీరువాలో పాత ఫైళ్ళు వెతికి పెన్సిల్ కాగితం బయటికి తీసింది.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి, పాండియరాజన్ వచ్చేలోపల, ఆమె ఒకసారి జీతోనే జాబితా పంపి చూసింది. తిరిగొచ్చింది. తిరిగొచ్చిన ఉత్తరం మొదలాళి పెట్టెలో పడిందని విఘ్నేశ్వరన్ ఫోన్లో చెప్పాడు. అంతా అనుకున్నట్టే ఉందని గట్టిచేసుకుని, ఆయన రాగానే బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది, ఒకటి ఎర్ర గీతది, ఒకటి పెన్సిల్‌ది. నిన్నటిదంతా చెప్పింది. మధ్యలో ఒకసారి ఆగి నీళ్ళు తాగి మళ్ళీ చెప్పింది.

పాండియరాజన్ తన చేతిరాతను చాలాసేపు చూశాడు. ఆయన అన్యాయస్థుడు కాడు. కాని తను తప్పు చేశానని ఒప్పుకునే అలవాటు ఆ ఇంట్లో మగవాళ్ళకు మూడు తరాలుగా లేదు. సరే, తెలిసిపోయింది గదా, కే పెట్టి పంపెయ్ అన్నాడు. అక్షరంలో ఏముంది అన్నాడు. ఊళ్ళో సగం మంది కోమతి అనే రాసుకుంటారన్నాడు.

"రాసుకునేవాండ్లు రాసుకోనీ మొదలాళీ, అది వాండ్ల పేరు. నా పేరు గోమతి. గంపలో గ. తప్పు రాసుకున్నది ఇల్లు, దిద్దుకోవాల్సింది ఇల్లే. నేను మారను."

"మూడింటికి జాబితా పోకపోతే?"

గోమతి బల్ల మీదున్న అగ్గిపెట్టె తీసింది. పాండియరాజన్ తాత పెట్టిన గువ్వ మార్కు. ఎర్ర అట్ట మీద తెల్ల గువ్వ, కింద ఇంగ్లీషులో పెద్ద అక్షరాల పేరు. తమిళ ఊళ్ళో తెలుగు మాట మీద మార్కు ఏమిటని అడిగినవాళ్ళందరికీ, అది మా అవ్వ నోటి మాట అని ఆయన గర్వంగా చెప్పుకుంటాడు.

"దీని మీద జీ తీసేసి కే వేసి అచ్చు కొట్టిచ్చి, కువ్వ మార్కు అని లారీ ఎక్కిస్తే, అక్షరంలో ఏముండాదిలే అని ఊరకుంటారా?"

ఆయన అగ్గిపెట్టె ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. జేబులో పెట్టుకుని, ఫోన్ తీసి, విఘ్నేశ్వరన్‌ను పిలిచాడు. "గోమతి" అన్నాడు ఫోన్లో. అవతలివాడు ఏదో అడిగినట్టుంది. ఆమె వైపు చూడకుండా, గోడకేసి చూస్తూ అన్నాడు: "గంపలో గ."

పదకొండింటికి ఆఫీసు సర్వర్‌లో ఆమె పేరు జీతో ఎక్కింది. పదకొండూ అయిదుకు జాబితా పంపింది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది.

పాండియరాజన్ వెనకే నిలబడి ఉన్నాడు. చూసినావా అన్నట్టు ముక్కుతో గాలి వదిలాడు. కాని గోమతి కళ్ళు అప్పటికే ఇంకొకటి పట్టుకున్నాయి.

"ఈసారి ఇది మీ పెట్టెకు రాలేదు మొదలాళీ. నా పెట్టెకు వచ్చింది. నా పేరు వెతుక్కుంటా వచ్చి, నన్ను చూసి ఇచ్చిపోయింది. ఇంటికి నేను తెలుసు ఇప్పుడు. విరుదునగర్‌కే ఇంగా తెలీదు."

విఘ్నేశ్వరన్ ఫోన్లో అదే చెప్పాడు. విరుదునగర్ కాపలాకు ప్రతిసారీ వెనక్కి వచ్చి అడిగే ఓపిక ఉండదు. ఒకసారి విన్న ‘లేదు’ అన్న మాటను కొన్ని గంటలు గుర్తుపెట్టుకుంటుంది. పొద్దున తొమ్మిదింటికి ఆమె పంపినప్పుడు విన్న ‘లేదు’ దాని చెవిలో ఇంకా ఉంది. మరిచిపోయేదాకా ఆగాలి, ఎప్పుడు మరుస్తుందన్నది వాళ్ళు ఎంతసేపు పెట్టుకున్నారో దాన్నిబట్టి ఉంటుంది. తొమ్మిదింటి తొందర తనదే గనక గోమతి ఎవరినీ ఏమీ అనలేకపోయింది.

పన్నెండున్నరకు పంపింది. తిరిగొచ్చింది. ఒంటిగంటకు ఆగింది; ఊరికే గుమ్మం కొడుతుంటే ఏం లాభమని చేతులు కట్టుకుని కూర్చుంది. అన్నం గిన్నె విప్పలేదు. రెండింటికి, రేపటి నుంచి కుర్చీలో కూర్చోవాల్సిన ఉషా ఒకరోజు ముందే వచ్చి బయట బల్ల మీద కూర్చుంది, చేతిలో చిన్న సంచి. పాపం ఆ పిల్లదేం తప్పు. గోమతి ఆమెకు మంచినీళ్ళు ఇచ్చి మళ్ళీ కుర్చీలోకి వచ్చింది. పాండియరాజన్ అటూ ఇటూ తిరుగుతూ, పోనీ ఈసారికి నా పేరు మీద పంపేస్తానని రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ ఆమె వద్దంది. తన పేరుతోనే చేరాలంది.

రెండూ ఇరవైకి పంపింది. చేతులు బల్ల మీదే పెట్టుకుని చూస్తూ కూర్చుంది. రెండు నిమిషాలయింది. అయిదయింది. తిరిగి రాలేదు. రెండూ ముప్ఫైకి ఒక ఉత్తరం వచ్చింది, ఆమె పేరుకు, జీతో. విరుదునగర్ మిషన్ తనంత తాను పంపే రశీదు. చేరింది అన్న ఒక్క మాట.

పాండియరాజన్ చదివి బయటికి వెళ్ళాడు. ఉషాతో ఏదో చెప్పాడు. ఆ అమ్మాయి సంచి తీసుకుని లేచింది. ఆయన తిరిగొచ్చి, గోమతి బల్ల మీదున్న ఎర్ర గీత కాగితాన్ని నిలువునా చింపి బుట్టలో పడేశాడు. బుధవారం పొయ్యొచ్చేటప్పుడు తినడానికి సాత్తూరు కారసేవు తెమ్మన్నాడు. అంతకంటే ఆయన నోట ఏ మాటా రాదని ఆమెకు తెలుసు. అదే చాలు.

కథ ఇక్కడితో ఆగితే గోమతి హాయిగా నిద్రపోయేది. ఆగలేదు.

సాయంత్రం విఘ్నేశ్వరన్ ఫోన్ చేసి, పాత కే పెట్టె తీసెయ్యమంటావా అక్కా, అందులో ఏవో ఉన్నాయి అన్నాడు. ఏవి అని అడిగి, పాస్‌వర్డ్ తీసుకుని, తెరిచింది. ఏడు నెలలుగా ఎవరూ తెరవని కోమతి పెట్టెలో ముప్ఫైకి పైగా ఉత్తరాలున్నాయి. అన్నీ ఒకే మనిషి రాసినవి. విరుదునగర్ ఆఫీసులో జాబితా అందుకునే ముత్తుప్పేచ్చి. పాండియరాజన్ తన పెన్సిల్ కాగితాన్నే వాళ్ళకూ పంపి ఉంటాడు. అవతలివాళ్ళూ క అనే చదువుకున్నారు.

మొదటివన్నీ ఒకటే వాక్యం: జాబితా చేరింది, వందనం. ప్రతి శుక్రవారం రాసింది. తన చిన్న పనికి ఎవరు జవాబు రాస్తారులే అని గోమతి ఆరు నెలలు అనుకుంది. జవాబు ప్రతి వారం వచ్చి తలుపు అవతల నిలబడి ఉంది. తర్వాతవి పొడుగయ్యాయి. అక్కా, ఈ వారం రాలేదు, బాగున్నారా? అక్కా, ఈ వారం కూడా రాలేదు, నేనే పోగొట్టానని మా వాళ్ళు అంటున్నారు. చివరిది మొన్న మంగళవారం నాటిది. తమిళంలో రాసింది, గోమతి దాన్ని మనసులో తెలుగు చేసుకుంటూ చదివింది: "అక్కా, వచ్చినదాన్ని నేను దాచానని రాసి సంతకం పెట్టమంటున్నారు. పెట్టనన్నాను. నాకూ ఇద్దరు పిల్లలు. మీరు ఉన్నారా అక్కా? ఒక్క మాట రాయండి, చూపించుకుంటాను."

గోమతి అప్పటికప్పుడే రాసింది. ఉన్నాను, తప్పు నీది కాదు, మా ఇంటిది, ఈ కాగితం ఎవరికైనా చూపించు అని రాసింది. తిరిగి రాలేదు గనక చేరిందనే లెక్క. జవాబు మాత్రం లేదు. శనివారం ఆ ఆఫీసుకు ఫోన్ చేసింది. ఎవరో మగ గొంతు, ఆ పేరు గలవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరంది. బుధవారం అంతోణి సారు దగ్గర పాఠం అయ్యాక, బిడ్డను చంకనేసుకుని బజారులో ఆ ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళింది. కారసేవు పొట్లం చేతిలోనే ఉంది. కాపలా మనిషి లోపలికి చూడకుండానే లేదు అన్నాడు. ఎప్పుడు మానేసింది, ఇల్లు ఎక్కడ అని అడిగితే, తెలియదన్నాడు. సింధుజ గోమతి గొంతు మీద చెయ్యి పెట్టి, ఆమె ఏం మాట్లాడుతోందో వినాలని చూసింది. ఆ క్షణంలో గోమతి ఏమీ మాట్లాడటం లేదు.

ఆమె ఊరుకోలేదు. ప్రతి బుధవారం ఆ గుమ్మం ముందు నిలబడుతోంది. కాపలా మనిషి ఆమెను గుర్తుపట్టడం మొదలుపెట్టాడు, దూరం నుంచే చెయ్యి ఊపేస్తాడు. ఒకే మనిషి ఎన్నిసార్లు అడిగినా పాత ‘లేదు’ మాటే వినబడుతుంది. కొత్త మనిషి అడగాలి.

అందుకే, ఇది చదివినవాళ్ళలో విరుదునగర్ పోయేవాళ్ళు ఎవరైనా ఉంటే, బజారు వైపు మీకు పని పడితే, టోకు వర్తకుల ఆఫీసుల్లో ఒక్క అడుగు ఆగండి. ముత్తుప్పేచ్చి అనే ఆవిడ, ఇద్దరు పిల్లల తల్లి, శుక్రవారం జాబితాలు అందుకునేది, ఆమె ఎట్లా ఉందో కనుక్కోండి. మొదటిసారి లేదంటారు. నమ్మి తిరిగి రాకండి. గోడౌన్‌లో అడగండి, పక్క అంగడిలో అడగండి, పేరు వాళ్ళు ఎట్లా రాసుకున్నారో అడగండి. దొరికితే, కోవిల్‌పట్టి గోమతి ఉందని చెప్పండి.